మొర్రిచెట్టు వేళ్లు

మా ఊరు చింతకిలో నా చిన్నప్పుడు, సంతలో కొన్న ఎద్దు నేరుగా కొట్టంలోకి వచ్చేది కాదు. పదిహేను రోజులు చేను గట్టున ఒంటరిగా ఉండాలి. దాని మేత వేరు, నీళ్ల తొట్టి వేరు. మా తాత పొద్దున్నే దాని ముక్కూ గిట్టలూ చూసి, కాళ్లు చేతులు కడుక్కొని గానీ మిగతా పశువుల దగ్గరికి పోయేవాడు కాదు. ఆయన చాదస్తం చూసి ఊళ్లో నవ్వుకునేవాళ్లు. నేనూ నవ్వేదాన్ని.

మా చేను చివర ఒక చిన్న అడవి ఉండేది. సారపప్పు కాసే మొర్రి, ఇప్ప, తునికి, వేప, ఏదీ ఎవరూ నాటింది కాదు. ఎండాకాలం మాకు పండూ పువ్వూ, పశువులకు నీడా అక్కడి నుంచే. అంచున ఉన్న ముసలి మొర్రిచెట్టంటే మా తాతకు ప్రాణం. మధ్యాహ్నం సద్ది దాని కిందే తినేవాడు.

నాకు ఎనిమిదేళ్లప్పుడు, చిద్రిలో ఉండే మా మేనమామ నాకోసం కుండీలో ఒక మొక్క తెచ్చాడు. సముద్రం అవతలి నుంచి వచ్చిన జాతి అట, పెరిగితే చెట్టంతా నీలం పూలే పూస్తుందట. నా కాలు నేల మీద నిలవలేదు. మా తాత మాత్రం ఆ కుండీని బావి అవతలి బండ మీద పెట్టించాడు.

"మొక్క మంచిదే గావచ్చు బిడ్డా. కానీ దాని వేళ్లకేం అంటుకొని వచ్చిందో మనకెర్కలేదు. ఒక్క వానకాలం దూరం ఉండనీ."

ఎనిమిదేళ్ల పిల్లకు వానకాలమంటే ఎంత పొడవో పెద్దవాళ్లకు గుర్తుండదు. తొలివాన పడగానే, ఎవరికీ చెప్పకుండా దాన్ని తీసుకుపోయి, నాకు తెలిసినంతలో అన్నిటికంటే మంచి చోట నాటాను. ఆ ముసలి మొర్రి పక్కనే, పొదల మాటున. మొక్క చచ్చిపోయిందని తాతకు అబద్ధం చెప్పాను.

మరుసటి ఏడు మొర్రి ఆకులు పసుపు బారాయి. మొదలు దగ్గర నల్లటి జిగురు కారింది. తాత బెరడు చెక్కి చూస్తే లోపలంతా కుళ్లు. చుట్టూ వెతికితే పొదల్లో నా మొక్క కనిపించింది, నిగనిగలాడుతూ, ఒక్క ఆకైనా వాడకుండా. అది మోసుకొచ్చిన జబ్బు దానికి అలవాటైనదే అయి ఉంటుందనీ, మన చెట్టుకే కొత్తదనీ తాత మెల్లగా అన్నాడు. నేను నిజం చెప్పేసి ఏడ్చాను.

ఆయన కొట్టలేదు, తిట్టలేదు. గడ్డపారతో మొర్రి పక్కన తవ్వి, నన్ను ఆ గుంతలోకి దింపాడు. నా తొడంత లావున్న మొర్రి వేరొకటి ఇప్పచెట్టు వైపు పోయి, దాని వేరును పెనవేసుకొని ఉంది. ఆ సందుల్లోంచి తునికి వేళ్లు. ఇంకా తవ్వితే ఎక్కడో ఇరవై అడుగుల అవతలున్న వేపవి. అన్నిటి మధ్యా వెంట్రుక కంటే సన్నటి తెల్లని పోగులు. రోజూ నేను గంతులేసే నేల కింద ఇంత లోకం ఉందని అప్పటిదాకా నాకు తెలియదు. ఏడుపు ఆగిపోయింది. అంత భయభక్తి నాకు గుడిలో కూడా ఎన్నడూ కలగలేదు.

"పైన చూస్తే యాభై చెట్లు. కింద ఒకటే ఇల్లు బిడ్డా," అన్నాడు తాత.

మర్నాడు మొర్రిని తన చేత్తోనే కొట్టాడు. దాన్నీ నా మొక్కనూ అక్కడే కాల్చాడు, ఒక్క పుల్ల కూడా ఇంటి పొయ్యికి రానివ్వలేదు. చుట్టూ నడుములోతు కందకం తవ్వి, గొడ్డలీ గడ్డపారా చెప్పులూ కడిగి ఎండలో పెట్టాడు. కాసే చెట్టును ఎందుకు కొట్టావని ఊరివాళ్లు నిలదీస్తే, "కొత్త మొక్కను చూస్కోక నాటిన. తప్పు నాదే," అన్నాడు. నా పేరు బయటికి రానివ్వలేదు. మిగతా చెట్లు దక్కాయని నమ్మకం కుదరడానికి మూడు వానకాలాలు పట్టింది. ఆ మూడేళ్లూ ఆయన సద్ది ఎండలో కూర్చునే తిన్నాడు.

నాకిప్పుడు డెబ్బై దాటాయి. ఈమధ్య మా వైపు వేపచెట్లు కొసల నుంచి మాడిపోతుంటే, ఈ తెగులు ఎవడు తెచ్చాడోనని జనం తిట్టుకుంటున్నారు. అది ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలియదు. తిట్టడానికి మాత్రం నాకు నోరు రాదు. అడవికి చావు తెచ్చే చేతులు ఎలా ఉంటాయో నేను చూశాను. అవి చిన్నవి, మట్టి అంటుకున్నవి, ఆ మొక్కకు ఎంతో ప్రేమగా నీళ్లు పోసినవి.