యుద్ధమంటే భయం నాకేనట

పొద్దున మా బిడ్డ హాస్టల్‌కు సూట్‌కేసు కొందామని కోరుట్ల నుంచి జగిత్యాల పోయిన. బట్టలు, సూట్‌కేసులు అమ్మే దుకాణంల అడుగు పెట్టంగనే మా దోస్తు కనబడ్డది. పేరు లత అనుకుందాం. పక్కన వాళ్ళ ఆడిబిడ్డ. ఇద్దరు ఉన్ని స్వెటర్లు చూస్తున్నరు.

లత, నేను ఒక్క బడిల టీచర్లం. ఒక్కసారన్న యూరప్ చూడాలని ఏండ్ల సంది అన్నం తినేటప్పుడు గదే ముచ్చట. పాస్‌పోర్టులు గూడ కలిసే తీసుకున్నం. ఉగాదికి ముందు లతనే అన్నది, "అటు దిక్కు యుద్ధాలు నడుస్తున్నయి, ఈసారి వద్దే. పోతే ఇద్దరం కలిసే పోదాం" అని. సరే అన్న.

"గీ ఎండల స్వెటర్ ఎవలకే?" అని నవ్వుకుంట అడిగిన. ఆడిబిడ్డనే సంబురంగ చెప్పింది.

"వచ్చే వారం మేం పారిస్ పోతున్నం గద టీచర్! మీరు గూడ అస్తే మంచిగుండు. యుద్ధమంటే మీకు మస్తు భయమట గద, వదిన చెప్పింది."

లత దిక్కు చూసిన. అది తల దించుకొని స్వెటర్ గుండీలు పెడుతున్నది.

"అవునమ్మా, భయమే" అన్న. ఇంటి మనిషి ముందట దాని పరువు తీయబుద్ధి కాలే. సూట్‌కేసు కొనకుండనే బస్సెక్కి, కిటికీ దిక్కు తిరిగి ఏడ్చిన.

ఇంటికచ్చేసరికి ఫోన్ల దాని మెసేజ్: "అక్కడికెళ్ళి నీకేం తేవాలె?"

ఇంకా జవాబియ్యలే. మీరైతే ఏం తెమ్మంటరు?