టోపీ క్యాసెట్‌కి మామ్మ పెట్టిన బొట్టు

మా చిన్నప్పుడు... అమ్మవారి జాతర రోజు పొద్దున్నే మా మామ్మ పసుపు గిన్నె పట్టుకుని బాబాయి మైకు సెట్టు ముందు కూర్చునేది. ఆంప్లిఫయరుకి బొట్టు, బాక్సులకి బొట్టు, టేప్ రికార్డరుకి బొట్టు... అన్నం పెట్టే వస్తువుని పండగ పూట బోడి మొహంతో ఎలా ఉంచుతామని ఆవిడ వాదన.

ఆ ఏడు భక్తి ఇంకాస్త పొంగింది. సినిమా పాటల క్యాసెట్లన్నీ డబ్బాల్లోంచి బయటికి తీసి, ఒక్కోదానికీ తడి పసుపు దట్టంగా రాసి, కుంకుమ అద్ది, మళ్ళీ పెట్టెలో పేర్చింది. ఒక్కటి మాత్రం పక్కన పడేసింది.

అదే మా టోపీ క్యాసెట్.

అసలు పేరు రాయను. రాస్తే కింద కామెంట్లలో కొట్టుకుంటారు. అమెరికా ర్యాప్ ఆల్బమ్ అది, ఇప్పుడు అందరూ క్లాసిక్ అంటున్నారు. బాబాయి కొడుకు, మా చిన్నోడు, మొన్న "ఇది క్లాసిక్ ఏంటి, ఉత్త హైప్" అని పోస్టు పెట్టాడు. ఇంజినీరింగ్ చదువుతున్నాడు, వాడి అభిప్రాయం వాడిది. కానీ ఆ ఆల్బమ్ వాళ్ళ నాన్నకి ఏం చేసిందో వాడికి ఎవరూ చెప్పినట్టు లేరు... అందుకే ఈ పోస్టు.

కాకినాడలో ఓడ మీద పనిచేసే స్నేహితుడు బాబాయికి ఇచ్చాడా క్యాసెట్. అట్ట మీద టోపీ వెనక్కి తిప్పి, చేతులు కట్టుకుని నిలబడ్డ కుర్రాడు. అది పెట్టినప్పుడల్లా ఇంట్లో గొడవే.

"ఎవర్నిరా అలా తిడతన్నాడు?" అనేది మామ్మ.

"తిట్టడం కాదమ్మా... వాళ్ళ వీధి గురించి చెప్పుకుంటన్నాడు."

"వీధి గురించి చెప్పుకోడానికి అంత కోపం దేనికి? ఈ తిట్లోడికి నేను బొట్టు పెట్టనుగాక పెట్టను."

తణుకు దగ్గర మా ఊళ్ళో జాతరకి రెండు మైకులు మోగేవి... మాదొకటి, పై వీధి వాళ్ళదొకటి. అంతకుముందు జాతరకి జనమంతా పై వీధికే పోయారు. మా తాతయ్యకి అది తల కొట్టేసినట్టయింది. "ఈసారి కూడా మన వీధి బోసిపోతే ఆ సామాను తీసేసి రైసు మిల్లులో గుమాస్తాగా చేరిపో" అని బాబాయికి తేల్చి చెప్పేశాడు. బాబాయి తలూపాడు గానీ, ఆ పొద్దున్న మామ్మ పెట్టిన ఇడ్లీ ముట్టుకోలేదు.

మధ్యాహ్నం అమ్మవారి గరగలు, అదే తలమీద పెట్టుకుని ఆడే అలంకరించిన కుండలు, మా వీధికి వచ్చాయి. ఆడవాళ్ళు ఎదురెళ్ళి పసుపు నీళ్ళు పోశారు. గరగ ఎత్తే సూరయ్య తాత, తలమీది గరగ దించి, కాళ్ళ గజ్జెలతోనే మా అరుగు మీద కూర్చుని మజ్జిగ తాగుతున్నాడు. డప్పులు ఆగాయి. ఇక పాటలు అందుకోవలసింది మైకే.

బాబాయి కొత్త సినిమా క్యాసెట్ పెట్టాడు. రెండు ముక్కలు పాడి గొంతు సాగింది... గరగరమంది... రీలు చుట్టేసుకుంది. ఇంకోటి పెట్టాడు. అదీ అంతే. బయటికి లాగితే రీలు నిండా పసుపు ముద్ద! మామ్మ చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అటు పై వీధి పాట గాల్లో తేలి వస్తోంది. జనం ఒక్కొక్కరే అటు నడుస్తున్నారు. తాతయ్య గుమ్మంలో చేతులు వెనక్కి కట్టుకుని చూస్తున్నాడు.

బాబాయి మొహం చూస్తే నాకు ఏడుపొచ్చింది. బొట్టు లేని క్యాసెట్ ఒక్కటే మిగిలింది. అదే పెట్టాడు.

మొదటి పాటకి ముసలాళ్ళు చెవులు మూసుకున్నారు. ఎవరో "ఇదేం గోలండీ బాబూ" అన్నారు. ఈలోపు అరుగు దగ్గర ఘల్లుమంది. మజ్జిగ గ్లాసు చేతిలోనే ఉంది... సూరయ్య తాత కాలు మాత్రం దరువులో పడిపోయింది! డప్పుల పెద్దాయన అది విని, బిగువెక్కడానికి డప్పుని మంటకి ఓసారి చూపించుకుని వచ్చి, ఆ ర్యాప్ మీద దెబ్బ వేశాడు. ఏమా కలవడం! సూరయ్య తాత లేచాడు. సగం దూరం పోయినవాళ్ళు వెనక్కి తిరిగారు. కాసేపటికి పై వీధి వాళ్ళు కూడా మా వీధిలోనే ఉన్నారు.

బాబాయి ఒక్క పాట కూడా దాటేయలేదు. ఒక వైపు అయిపోయి బటన్ టక్కున పైకి లేస్తే, సూరయ్య తాత చెమట తుడుచుకుంటూ కేకేశాడు. "ఆపేసేవేంటి బాబూ, తిప్పి పెట్టు!"

తాతయ్య మిల్లు మాట ఎత్తలేదు. "ఆ బాక్సు మొహం పై వీధి వైపు తిప్పరా, బాగా వినపడాలి" అన్నాడు. ఆ మాటకి బాబాయి నన్నెత్తుకుని గిరగిరా తిప్పేశాడు. మా వీధి అంటే నాకు ఇప్పటికీ ఉన్న గర్వం ఆ పూట పుట్టిందే.

మొన్న చిన్నోడి పోస్టు చూశాక ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని మొత్తం మళ్ళీ విన్నాను. పాటల మధ్య వాళ్ళు చెప్పుకునే కబుర్లు విసుగే. రెండో వైపు ఒక పాట మరీ సాగదీశాడు. అంతవరకు ఒప్పుకుంటాను. కానీ ఒరే చిన్నోడా... ఆ రోజు మా వీధిలో ఆ టోపీ కుర్రాడి పేరు కూడా ఎవరికీ తెలీదు. ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా ఎండలో నిలబడి విన్నారు. ఇందులో హైప్ ఎక్కడుందిరా? మీ నాన్న ఇవాళ్టికీ మైకు సెట్టువాడే, గుమాస్తా కాదు.

మర్నాడు పొద్దున్న మామ్మ మళ్ళీ పసుపు గిన్నె తెచ్చింది. బాబాయి కంగారుగా క్యాసెట్ దాచేస్తే, "ఉండరా, దానికి కాదులే" అంటూ అట్ట అందుకుని, ఆ టోపీ కుర్రాడి నుదుటి మీద చక్కగా బొట్టు పెట్టింది. "మన వీధి పరువు నిలబెట్టాడు" అంది. ఆ అట్ట నా దగ్గరే ఉంది... ఫోటో కింద పెడుతున్నాను చూడండి, కుంకుమ మరక ఇంకా పోలేదు.

ఇప్పుడు బాబాయి పాటలన్నీ ఫోన్లోనే. రీలు చుట్టుకోదు, పసుపు అంటదు... కానీ ఒక పాట మన పరువు నిలబెడితే, బొట్టు పెట్టడానికి చోటేదండీ?

మీ ఇంట్లో బొట్టు పెట్టాల్సినంత పని చేసిన క్యాసెట్ ఏదో చెప్పండి... మా చిన్నోడు కూడా చదువుతాడు.