బర్మా తుపాకి

చౌటుప్పల్‌లో మా అద్దె ఇంటి గేటు తీసినప్పుడల్లా నేనొచ్చిన సంగతి వీధి వీధంతా తెలుస్తుంది. ఇంటాయన దృష్టిలో అది భద్రత. మొన్న విసుగెత్తి కుట్టుమిషను నూనె తెచ్చి మడతబందుల్లో పోశాను. గేటు నోరు మూసుకుంది గానీ, ఆ వాసనకు యాదగిరి సార్ గుర్తొచ్చి ఆ పూట నాకు ఏ పనీ సాగలేదు.

తెలంగాణ వచ్చిన కొత్తలో హాలియాలో ఒక ప్రైవేటు కాలేజీలో చరిత్ర చెప్పడానికి చేరాను. సార్ అక్కడ నాకు సీనియర్. వాళ్ల మేడమీది గదిలోనే నా కాపురం. నాకు తెలిసిన కాస్త చరిత్ర ఆయన దగ్గర నేర్చిందే. ఏం చెప్పినా "ఎవలు చెప్పిండ్రు? ఆళ్లకెవలు చెప్పిండ్రు?" అనేవారు. కాలువకు నీళ్లు వదిలారన్నా అదే ప్రశ్న. ఆ ప్రశ్న నుంచి మినహాయింపు ఉన్న వస్తువు ఆ ఇంట్లో ఒక్కటే, గోడకు వేలాడే పాత తుపాకి. ఎప్పుడో పేలడం మానేసిన దానికి ఆదివారం ఆదివారం కుట్టుమిషను నూనె పట్టించేవారు. సార్‌కు ఊహ తెలిసీ తెలియని వయసులో పోయిన వాళ్ల బాపు, రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా వెళ్లి జపాన్ సైనికుడి చేతిలోంచి గుంజుకొచ్చారట. ఆ మోటు గొట్టాన్ని చూస్తే జపాన్ వాళ్లు మరీ అంత పేదవాళ్లా అనిపించేది. కిరాయిదారుణ్ణి కాబట్టి అనలేదు.

నల్లగొండలో మ్యూజియం పెడతారన్న మాట వినగానే సార్ కదిలిపోయారు. బాపుది ఒక్క ఫోటో కూడా లేదు. అద్దాల పెట్టెలో తుపాకి కింద ఆయన పేరైనా ఉండాలన్నది కోరిక. వివరాల చీటీ నన్ను రాయమన్నారు. రాసి, గట్టిగా చదివాను. వరండాలో చింతపండు గింజలు తీస్తున్న వాళ్లమ్మ, ఎనభై దాటిన అవ్వ, తలెత్తింది.

"గిదేంది, జపానోడెవడురా నడుమ?"

"బర్మా తుపాకి గదనే!"

"బర్మా గాదు, బర్మార్. మూతిల మందు కూరి పేల్చే నాటు తుపాకి. మీ బాపు రైలు గూడ ఎక్కలే."

"లడాయిల గుంజుకున్న అన్నడు గద?"

"గుంజుకున్నడు. దొర గడీ కాడ, రజాకార్లతోటి లడాయిల."

లడాయి అంటే యుద్ధమూ అదే, కొట్లాటా అదే. పసివాడి చెవికి చివరి 'ర్' అందలేదు. మిగిలిన ప్రపంచ యుద్ధాన్ని చరిత్ర పుస్తకాలు పూరించాయి. ఇన్నేళ్లూ ఆయన బర్మా అంటే ఆవిడ బర్మార్ అనే విన్నది.

సంతోషించాలో ఓదార్చాలో నాకు తెలియలేదు. జపాన్ సైనికుడికన్నా రజాకారు చేతిలోంచి గుంజుకోవడమే మన జిల్లాకు గొప్ప. సార్ ముఖం మాత్రం, బాపును ఎవరో రెండోసారి తీసుకుపోయినట్టుంది. అది లాభమో నష్టమో నాకిప్పటికీ తేలలేదు. అప్పటినుంచి పాఠం చెబుతూ ఏదో ఒక పదం దగ్గర ఆగిపోతుంటాను, సరిగ్గానే విన్నానా అని. పిల్లలు అది నా స్టైల్ అనుకుంటారు.

ఆ రోజు సార్ చీటీ అందుకుని బర్మాను కొట్టేశారు. "సరే. రజాకార్ల దగ్గర బాపు గుంజుకున్నడని రాద్దాం."

అవ్వ చేట పక్కన పెట్టింది.

"మీ బాపు గుంజుకచ్చింది ఒక్కపారి. గా తర్వాత దాన్ని కూరింది నేను, పేల్చింది నేను. నన్నడిగినవారా ఎన్నడన్న?"