దూలం కింద ఎక్కిన సెలైన్

దూలం నా మీద పడ్డ కొంతసేపటికి ఎడమ కాలి నొప్పి ఆగిపోయింది. అప్పుడు నాకు భయం వేసింది. అంతవరకు కేకలు పెడుతున్నదాన్ని, నోరు మూసుకుని కాలి వేళ్లు కదిలించి చూశాను. కదిలాయో లేదో తెలియలేదు.

మాది తిరుపతి. నేను బడిలో తెలుగు చెబుతాను. మా ఆయన కొండ మీద గుడి ఆఫీసులో పని చేస్తారు. ఆయన, నేను, మా ఆడబిడ్డ పద్మ ముగ్గురం నేపాల్ వెళ్లి, సాలగ్రామ క్షేత్రంలో పెరుమాళ్లను సేవించుకుని తిరిగి వస్తూ ఒక కొండ ఊరిలో ఆగాం. ఆయన జీపు డ్రైవరును వెతుక్కుంటూ బయటికి వెళ్లారు. పద్మ, నేను సత్రం గదిలో బట్టలు సర్దుకుంటున్నాం. భూమిలోంచి ఏదో గర్జించినట్టు చప్పుడు వచ్చింది. గోడలు ఊగాయి. పైకప్పు మా మీదికి వచ్చేసింది.

పద్మ నా చేతికి అందేంత దూరంలో పడి ఉంది. గోడ కూలి ఆమె రెండు తొడల మీదా పడింది.

"వదినా, ఊపిరాడతా ఉండాదా నీకు?"

"ఆడతా ఉండాది. నీకు?"

"నా కాళ్లు యాడుండాయో తెలీడంలే వదినా."

అలా మాట్లాడుకుంటూనే ఉన్నాం. ఎండ ఒక పక్క నుంచి ఇంకో పక్కకు తిరిగింది. మా ఆయన, ఆ ఊరి మగవాళ్లు ఉత్త చేతులతో రాళ్లు లాగుతున్నారు. పద్మ ముందర ఉంది కాబట్టి ఆమెను ముందు బయటికి తీశారు. లేచి కూర్చుంది. నీళ్లు తాగింది. "నాకేం కాలేదన్నా, వదినను తియ్యండి" అంది. ఆ మాట విని నేను ఏడ్చాను, సంతోషంతో.

తర్వాత నా దూలం దగ్గరికి వచ్చారు. అప్పుడే జీపు ఒకటి వచ్చి ఆగింది. అందులోంచి ఒక నర్సు, తల నెరిసిన ఒక పాస్టరు దిగారు. ఆ ఊరికి పైన ఒక మిషన్ వాళ్ల చిన్న క్లినిక్ ఉంది. వాళ్లిద్దరూ అక్కడ పనిచేసేవాళ్లు. ఆమె సందులోంచి నా దగ్గరికి పాక్కుంటూ వచ్చి, దూలం పట్టుకున్న వాళ్లను చూసి నేపాలీలో గట్టిగా అరిచింది. వాళ్లు చేతులు తీసేశారు.

"ఏంది జానకీ, ఏమంటా ఉండాది ఆమె?" అని మా ఆయన బయటి నుంచి అడిగారు. ఆ మాట విని నర్సు తల తిప్పింది.

"తెలుగోళ్లా? యాడక్కా మీది?"

"తిరుపతి."

"అయ్యో తల్లీ! మాది ఐరాల, మీ పక్కే." అంటూనే నా మోచేతి దగ్గర నరం వెతుకుతోంది. ఆమె పేరు కరుణ.

మా ఆయనకు కోపం వచ్చింది. "ఈడ మనిషి చస్తా ఉంటే ఊరూ పేరూ అడుగుతా ఉండావా? లాగండప్పా!" అని తానే వచ్చి దూలం పట్టుకున్నారు. కరుణ ఆయన మణికట్టు పట్టుకుంది.

"ఎత్తొద్దు సార్. ఇంతసేపు నలిగిన కాల్లో విషం నిలిచి ఉంటాది. ఒక్కసారిగా బరువు తీస్తే అది పొయ్యి గుండెకు కొడతాది. ముందు సెలైన్ ఎక్కనీండి."

"మీ ప్రార్థనలు చేసుకునేదానికా ఈ ఆలస్యం?"

"ప్రార్థన తర్వాత చేసుకుంటా. ఈ బాటిల్ పైకెత్తి పట్టుకోండి."

ఆయన పట్టుకున్నారు.

కరుణ చూపు అప్పుడు బయట కూర్చున్న పద్మ మీద పడింది. "ఆమెను ఎప్పుడు తీసినారు?" అని అడిగింది. ఇప్పుడే అన్నాం. ఆమె ముఖం మారిపోయింది. పరుగున వెళ్లి పద్మ చేతికి కూడా సూది గుచ్చింది. పద్మ నా వైపు చూసి, "వదినా, కడుపులో తిప్పతా ఉండాది" అంది. తల పక్కకు వాలిపోయింది. కరుణ, పాస్టరు గారు మార్చి మార్చి ఆమె రొమ్ము మీద నొక్కుతూనే ఉన్నారు. నేను దూలం కింద నుంచి చూస్తున్నాను. మా ఆయన బాటిల్ వదల్లేక, చెల్లెలి దగ్గరికి వెళ్లలేక అక్కడే నిలబడి ఉన్నారు.

చాలాసేపటికి కరుణ నా దగ్గరికి తిరిగి వచ్చింది. నా సెలైన్ బాటిల్ మార్చింది. రెండో బాటిల్ సగం అయ్యాక దూలం ఎత్తించింది.

పద్మ దహనానికి ఆ ఊళ్లో కట్టెలు దొరకలేదు. క్లినిక్ పక్కనున్న చర్చి కప్పు కూలిపోయింది గానీ బెంచీలు కొన్ని మిగిలాయి. పాస్టరు గారు వాటిని గొడ్డలితో చీల్చి ఇచ్చారట. మా ఆయన తనకు వచ్చిన మంత్రాలు చెప్పుకుని నిప్పు పెట్టారు. పాస్టరు గారు టోపీ తీసి చేతిలో పట్టుకుని, దూరంగా, చివరిదాకా నిలబడ్డారని చెప్పారు.

నేను క్లినిక్ బయట టార్పాలిన్ కింద ఉన్నాను. యూరిన్ బ్యాగులోకి కాఫీ డికాక్షన్ రంగులో నాలుగు చుక్కలు వచ్చి ఆగిపోయాయి. మరుసటి రోజు కరుణ మమ్మల్ని జీపులో ఖాట్మండు ఆసుపత్రికి తీసుకెళ్లింది. వరండాల్లో, మెట్ల మీద, ఆవరణలో, ఎక్కడ చూసినా మనుషులే. డాక్టరు నా రిపోర్టు చూసి, "క్రష్ సిండ్రోమ్. నలిగిన కండరాల విషంతో కిడ్నీలు ఆగిపోయాయి. డయాలసిస్ మొదలుపెట్టాలి" అన్నారు. కాలి వాపు తగ్గడానికి ఫేషియాటమీ అని చర్మం, కండ మీది పొర కోశారు. అందులో ఇన్ఫెక్షన్ చేరింది.

కరుణ నా తలాపున కూర్చుని చెప్పింది. "అక్కా, పాదం నల్లబడిపోయినాది. దాన్ని ఉంచుకుంటే నువ్వు మిగలవు."

"మోకాలు?"

"మోకాలి కింద తీస్తామంటా ఉండారు. మోకాలుంటే నడవొచ్చక్కా."

సంతకం మా ఆయన పెట్టారు. ఆపరేషన్ అయ్యాక కరుణ వెళ్లిపోతానంది. ఇంకొక్క రోజు ఉండమని మా ఆయన బతిమాలారు.

"లేదు సార్. ఆడ శానామంది ఉండారు. పాస్టరు గారు ఒక్కరే. ఆ పొద్దు చర్చిలో ఆరాధన జరగతా ఉండింది. కప్పు కూలి పాస్టరమ్మ పొయినారు. ఆమెను పక్కన పెట్టి, మీ సత్రంలో మనుషులుండారని తెలిసి వచ్చినాం."

ఆమె వెళ్లాక మా ఆయన గోడకు ఆనుకుని నేల మీద కూర్చుండిపోయారు.

తిరుపతికి వచ్చాక కూడా చాలా వారాలు డయాలసిస్ నడిచింది. ఒక రోజు నెఫ్రాలజీ డాక్టరు బ్యాగు చూసి, "యూరిన్ వస్తా ఉందమ్మా. కిడ్నీలు నిద్ర లేస్తా ఉండాయి" అన్నారు. ఇంట్లో ఆ సంతోషం పంచుకునే స్థితిలో ఎవరూ లేరు. మా అత్తమ్మ కూతురి చీరలు మడత పెట్టుకుంటూ కూర్చునేది. ఒక రోజు కొడుకును అడిగింది, "నా బిడ్డను ఏం కట్టెలతో కాల్చినావురా?"

"చర్చి బెంచీలతో అమ్మా."

ఆ పూట ఆమె అన్నం ముట్టలేదు. మళ్లీ ఎప్పుడూ అడగలేదు.

లేని పాదం నొప్పి పెట్టేది. బొటనవేలు ఎవరో మెలిపెడుతున్నట్టు ఉండేది. చెయ్యి చాస్తే దుప్పటి తగిలేది. దాన్ని ఫాంటమ్ పెయిన్ అంటారట. అది తట్టుకోలేక మెడికల్ షాపు నుంచి నొప్పి మాత్రలు తెప్పించుకుని మింగాను. కొన్నాళ్లకు ముఖం ఉబ్బింది, పడుకుంటే ఆయాసం వచ్చింది. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తంలో మళ్లీ పెరిగింది. "పెయిన్ కిల్లర్ ఎవరిని అడిగి మింగినారు?" అని డాక్టరు కేకలేశారు. మళ్లీ డయాలసిస్. ఈసారి కిడ్నీలు పూర్తిగా కోలుకోలేదు. సగమే పని చేస్తున్నాయన్నారు.

ఇప్పుడు కట్టుడు కాలుతో బడికి వెళుతున్నాను. కూర్చుని పాఠం చెబుతాను. ఎండాకాలం కాలి మొండి దగ్గర చర్మం ఒరుసుకుపోతే రెండు మూడు రోజులు సెలవు పెడతాను. ఉప్పు తగ్గించాను. ఇంట్లో పద్మ పేరు ఎవరం ఎత్తం. కరుణ ఆ కొండల్లోనే ఉంది. రేకుల కప్పుతో చర్చి మళ్లీ కట్టుకున్నారట. ఆమె ఫోన్ చేస్తే మా ఆయన ముందు పాస్టరు గారి ఆరోగ్యం అడుగుతారు. ఆ తర్వాత ఫోన్ నాకిచ్చి వాకిట్లోకి వెళ్లిపోతారు.

ఒకసారి కిడ్నీ దెబ్బతిన్నవాళ్లకు నేను చెప్పేది ఒకటే. పన్ను నొప్పికైనా, నడుము నొప్పికైనా, ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా నోరు తెరవగానే కిడ్నీ సంగతి చెప్పండి. షాపులో అడిగి నొప్పి మాత్ర మింగకండి. నేనైతే తలనొప్పి మాత్రకు కూడా ముందు మా డాక్టరుకు ఫోన్ చేసి అడుగుతాను. ఆయన విసుక్కుంటారు. విసుక్కోనీ.