పుల్లయ్యకు ఊదిన శంఖం

ఎర్రగుంట్లలో దాసరి కంబన్న శంఖం ఊదితే సిమెంటు ఫ్యాక్టరీ సైరన్ సిగ్గుపడి నోరు మూసుకునేది. నమ్మకపోతే మీ ఇష్టం. స్టేషన్లో ఆగిన గూడ్సు బండి, గార్డు ఈల వేశాడనుకుని కదిలిపోవడం నా కళ్లారా చూశాను. తొమ్మిదో తరగతిలోనే బడికి దండం పెట్టి ఆటో పట్టుకున్నాను కాబట్టి ఇవన్నీ చూడగలిగాను. చదువుకున్నవాళ్లకు ఇంత భాగ్యం ఎక్కడిది?

కంబన్న రెండు రకాలుగా ఊదేవాడు. దేవుడి ముందు ఊదేది ఒకటి. ఎవరైనా పోతే పాడె ముందు నడుస్తూ, జేగంట కొడుతూ ఊదేది ఇంకొకటి. ఆ రెండోది సన్నగా మొదలై, మధ్యలో విరిగి, పొడుగ్గా ఏడుస్తుంది. పోయినవాడికి వైకుంఠం వాకిలి తీయమని అడగడం అది. శవం లేకుండా దాన్ని ఊదకూడదు. విన్నవాళ్లు నెత్తిన నీళ్లు పోసుకోనిదే ఏ శుభకార్యానికీ కూర్చోరు.

ఒకరోజు గండికోట దగ్గరి పల్లెలో పుల్లయ్య అనే పెద్దాయనను సాగనంపి నా ఆటోలో తిరిగొస్తూ, కోట దగ్గర టీకి ఆగాం. లోయ అంచున కొందరు తెల్లవాళ్లు బొచ్చు కుక్కపిల్లలాంటి మైకు పట్టుకుని గాలి చప్పుడు రికార్డు చేస్తున్నారు. గాలి కోసం ఏడు సముద్రాలు దాటి వచ్చారట, వాళ్ల ఊళ్లో వీయనట్టు! వాళ్ల గైడు భూపేష్ కంబన్న చంకలోని శంఖం చూశాడు.

“ఒక తూరి ఊదు పెద్దాయనా, సంబరపడతారు.”

“దేవునిది కుదరదప్పా. సావు మైల నా మీదనే ఉండాది. ఇంగా నీళ్లు పోసుకోలా.”

“అయితే ఆ సావుదే ఊదు.”

కంబన్న ఆలోచించాడు. స్నానం చేసేదాకా శంఖం పుల్లయ్యదే కదా, ఇంకొకసారి ఊదినా ఆయనకే చేరుతుందిలే అనుకున్నాడు. ఊదాడు. పెన్నా లోయ దాన్ని ఈ గోడకూ ఆ గోడకూ విసిరి ఆడుకుంది. నా చేతిలో టీ గ్లాసు పగిలింది.

మరుసటి ఏడు భూపేష్ వచ్చి ఫోన్లో ఒక ఇంగ్లీషు సీరియల్ చూపించాడు. బురదలోంచి కొమ్ముల దయ్యం లేచి మనుషుల తలలు కొరుకుతోంది. కొరికే ముందు ప్రతిసారీ కంబన్న శంఖమే!

కంబన్న నోట్లోని వక్కాకు తుపుక్కున ఉమ్మేశాడు. “థూ! వైకుంఠం వాకిలి తీయమని ఊదితే దయ్యానికి కూడు వడ్డించేదానికి పెట్టుకున్నారే!”

“పోనీలే మామా, దేశాలు దాటి పోయినావు,” అన్నాను నేను.

“నేను పోలేదు రంగా. పుల్లయ్య పోయినాడు. ఆయప్పకు దారి సూపమంటే బురదగుంటలోకి తోసినారు.”

అక్కడితో ఆగలేదు. అక్కడి కుస్తీవాళ్లు గోదాలోకి దిగుతూ, తాగుబోతులు చిందేస్తూ అదే పెట్టుకున్నారు. తిరిగి తిరిగి అది మన కుర్రాళ్ల ఫోన్లలోకి వచ్చి పడింది. ఊళ్లో ఉన్నప్పుడు చెవులు మూసుకున్నవాళ్లే, ఫారిన్ నుంచి రాగానే నెత్తిన పెట్టుకున్నారు.

ఆ తర్వాత కంబన్న కూతురు శివజ్యోతి పెళ్లి వచ్చింది. పెళ్లికొడుకు శ్రీకాంత్ జీపు దిగాడు. పొగ లేచింది. డీజే పెట్టెల్లోంచి సావు శంఖం మోగింది.

“రంగా, ఆపించు,” అన్నాడు కంబన్న.

పరిగెత్తాను. డీజేవాడు నవ్వాడు. “పెండ్లికొడుకు అడిగిండేదే ఇదన్నా!” అంటూ ఇంకా పెంచాడు.

అదేమిటో నోరు తెరిచి చెబితే, అపశకునమని మగపెళ్లివాళ్లు జీపు వెనక్కి తిప్పుతారు. చెప్పకపోతే బిడ్డ చావు మైలతోనే పీటల మీద కూర్చుంటుంది. కంబన్న అటూ ఇటూ చూశాడు. వంటల దగ్గర నీళ్ల ట్యాంకరు ఉంది. పైపు లాగి, అల్లుడి నెత్తి మీదికి తిప్పాడు.

“ఏంది బావా ఇది?” అని అరిచాడు వియ్యంకుడు తిమ్మయ్య.

“మా దాసరోళ్ల ఆచారం బావా! అల్లుణ్ణి నీళ్లతో పిలుసుకోవల్ల!” అంటూ వియ్యంకుణ్ణి కూడా తడిపేశాడు. ఆ తర్వాత స్నేహితులు, పొగ మిషను, నేను. డీజే పెట్టె దగ్గి దగ్గి ప్రాణం విడిచింది. మగపెళ్లివాళ్లు ఈలలు వేస్తూ చిందులేశారు. నేనూ ఎన్నో కోతలు కోశాను గానీ, ఇంత పెద్దది ఎప్పుడూ కోయలేదు.

అప్పుడు లోపలినుంచి శివజ్యోతి వచ్చింది. పట్టుచీర, పూలజడ. అలంకరించిన అమ్మాయి వెనకాల లబలబలాడుతోంది.

“నాకు గూడా పొయ్యి నాయనా,” అంది తల వంచి. “నేను గూడా ఆ శంఖం ఇంటిని.”

దాసరి బిడ్డ కదా, ఆమెకు తెలియకుండా ఉంటుందా! కంబన్న పైపు మూతికి బొటనవేలు అడ్డం పెట్టి, చంటిపిల్లకు పోసినట్టు మెల్లగా పోశాడు. తడిబట్టలతోనే తాళి పడింది.

కుర్రాళ్లు ఫోన్లు ఎత్తి ఇంకా తీస్తూనే ఉన్నారు. కంబన్న పక్కకు తిరిగి ఉమ్మేశాడు.

“రంగా, ఈ నీళ్ల సప్పుడు గూడా పట్టుకున్నారేమో సూడప్పా. రేపు దీన్ని యాడ ఏ దయ్యానికి పెడతారో!”