బరువు లేని చేప

మా బాబాయ్‌కి వెలితి అంటే పడదు. సెలూన్‌లో నీళ్లు చల్లే సీసా మూతి దాకా నింపుతాడు. టీ గ్లాసు అంచు దాకా పోయకపోతే మొహం మాడ్చుకుంటాడు. అద్దాల పక్కన గాజుతొట్టిలో పెరిగే నల్లచేప ఆయనకు కూతురితో సమానం. కత్తెర ఆడిస్తూ దానికే కబుర్లు చెబుతాడు. కుర్చీలో ఉన్నవాళ్లు తమకే అనుకుని ఊఁ కొడతారు.

ఆ చేప ఉన్నట్టుండి మేత మానేసింది. ఒళ్లంతా తెల్లమచ్చలు. పశువుల డాక్టర్ ఫోన్‌లో ఖరాఖండిగా చెప్పాడు.

"ముందు బరువెంతో చూడు. మందు తక్కువైతే పనిచేయదు, ఎక్కువైతే చచ్చిపోతుంది."

బయటికి తీస్తే ఎగిరెగిరిపడి ప్రాణం మీదికి తెచ్చుకుంటుందని బాబాయ్ భయం. నాకో ఉపాయం తట్టింది. నీళ్ల టబ్బును తూచి, చేపను వేసి మళ్లీ తూస్తే, తేడాయే చేప బరువు. ఇంతే కదా! పక్క కూరగాయల కొట్లోంచి కాటా పట్టుకొచ్చాను.

టబ్బు నింపే పని బాబాయ్ తీసుకున్నాడు. ఇంకేముంది, అంచు దాకా! తూస్తే పదిహేను కేజీలు. చేపను వలతో మెల్లగా అందులోకి జార్చాం. నీళ్లు బొళబొళా పొర్లాయి. కాటా వంక చూశాం. పదిహేనే!

బాబాయ్ ఉన్నచోటే కూలబడ్డాడు.

"లోపలంతా గుల్లయిపోయిందిరా! బరువే లేదు దీనికి!"

అప్పుడే లోపలికొచ్చిన పిన్ని కాళ్లు తడిసి గయ్యిమంది. "ఇన్ని నీళ్లు నేలపాలు చేసి, బరువెక్కడికి పోయిందని ఏడుస్తారేంటి? ఇదిగో, నా కాళ్ల కిందుంది!"

టక్కున వెలిగింది నాకు! నీళ్లలో తేలే చేప తన బరువెంతో అంత నీటినీ బయటికి నెట్టేసింది. అంత బరువు పోయింది, అంతే బరువు వచ్చింది. కాటా ఎందుకు కదులుతుంది?

"సగమే పొయ్యి బాబాయ్!" అని అరిచాను.

చేపను తొట్టిలోకి చేర్చి, టబ్బు సగం ఖాళీ చేయించి మళ్లీ తూచాం. పిన్ని పక్కనే కాపలా కాసింది, లేకపోతే ఇంకో చెంబు పోసేవాడే. ఈసారి చేపను వేస్తే నీళ్లు పైకి లేచాయిగానీ ఒక్క బొట్టూ బయటపడలేదు. కాటా సరిగ్గా రెండు కేజీలు ఎక్కువ చూపించింది. ముగ్గురం కేకలు పెట్టాం. ఎంత సంతోషమో చెప్పలేను!

ఆ బరువుకే మందు పడింది. ఓ పొద్దున షట్టర్ ఎత్తేసరికి చేప గాజుకు మూతి ఆనించి నోరు తెరుస్తోంది.

"ఏమే, దీనికి ఆకలేస్తోందే!" అని వీధంతా వినబడేలా పిన్నిని పిలిచాడు బాబాయ్.