సున్నా చూపించిన మీటరు

సూర్యాపేటలో నేను ఒక మిషన్‌ను పూజ చేసి మరీ చంపాను. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

సన్నగా, ఊపిరి కన్నా నెమ్మదిగా పారే గ్యాస్‌ను కొలిచే మీటరది. మా స్వప్నక్క ఆర్నెల్లు కూర్చుని చేసింది. నా పని స్క్రూలు బిగించడం, అడగని సలహాలు ఇవ్వడం. డబ్బాల్లో బియ్యానికి పురుగు పట్టకుండా నైట్రోజన్ వదిలేందుకు అది కావాలని మిర్యాలగూడ నుంచి మిల్లు సేటు వచ్చాడు. ఆయనకు నచ్చకపోతే షెడ్డుకు తాళమేనని అక్క ముందే చెప్పింది.

కొత్త మిషన్‌ను బొట్టు పెట్టకుండా ఆన్ చేస్తామా? తడి పసుపు, దాని మీద కుంకుమ, బొటనవేలితో గట్టిగా అద్దాను. ఎక్కడో ఇప్పుడే చెప్పేస్తాను, సస్పెన్స్ నాకు చేతకాదు. పెట్టె ముందువైపు నడిమధ్యన, గ్యాస్ బయటికొచ్చే వెంట్రుకంత రంధ్రం మీద. నేను దాన్ని నుదురనుకున్నాను.

వాల్వ్ తిప్పాం. సున్నా.

"అక్కా, నీ సెన్సర్ ఖతం!" అన్నాను, సేటు ముందే.

"నిన్న మంచిగనే ఉండె గదరా."

"నిన్నటి ముచ్చట ఇయ్యాల ఎందుకు? గిదేం మీటరక్కా, అలిగిన అల్లుని లెక్క ఉలకదు, పలకదు!"

అక్క ముఖం పాలిపోయింది. నేను ఆగలేదు. సిలిండర్ పంపిన కోదాడ ఆయనకు ఫోన్ చేసి విరుచుకుపడ్డాను.

"ఖాళీది అంటగట్టినవా?"

"ఏందయ్యా పొద్దున్నే! నిండుదే పంపించాను. అరిచే ముందు నీ దగ్గరేం తేడా ఉందో చూసుకో."

ఫోన్ పెట్టేసి పెట్టెకు రెండు దెబ్బలు వేశాను. అదీ ఇంజనీరింగే.

"జర ఆగు బిడ్డా," అని సేటు అద్దాలు పెట్టుకుని వంగాడు. "గీ తొర్ర మీద బొట్టు ఎవరు పెట్టిన్రు?"

షెడ్డులో ఉన్నది ముగ్గురం. బొటనవేలు పచ్చగా ఉన్నది ఒక్కడికే.

అక్క పిన్నీసుతో పసుపు గీకింది. అంకె మెల్లగా లేచి నిలబడింది.

"సూసిన్రా సేటూ, మా మీటరంటే గట్లుంటది!" అన్నాను. సిగ్గు అనే వస్తువు నా దగ్గర స్టాక్ లేదు.

"గ్యాస్ పోతలేదు, సున్నా అన్నది," అన్నాడు సేటు. "పొద్దటి సంది గీ షెడ్డుల నిజం చెప్పింది గదొక్కటే. మీటర్ తీసుకుంట తల్లీ. బిగించనీకి నువ్వే రా. వీన్ని మాత్రం మా ఊరి బస్సు ఎక్కనియ్యకు."

అందుకని ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను: ఇకపై ఎంత కోపమొచ్చినా ముందు నా వేళ్లు చూసుకుంటాను, ఆ తర్వాతే మనుషుల్ని తిడతాను.